రాజహంస మీద అలకపాన్పు

గోదావరి మీద తిరిగే ‘గౌతమీ రాజహంస’ అనే చిన్న నౌక నిజంగా విలాసవంతమైనదా, కాదా అన్న సంగతి తేల్చడానికి ఒక సంఘాన్ని వేశారు. నౌక ఎక్కి ఓ కప్పు కాఫీ తాగితే తేలిపోయే సంగతే. కానీ కాఫీతో తేలిపోయేదానికి సంఘం దేనికి, సంఘానికి విదేశీ పర్యటన దేనికి అని అడిగేవాడు ప్రభుత్వంలో ఉండడు. ఉంటే ఆ పర్యటనకి అతన్నీ తీసుకుపోతారు.

ఈ గొడవంతా కరపత్రంతో మొదలైంది. నౌకను నడిపే నదీ విహార ఔన్నత్య మండలి వారు రాజధానిలో కూర్చుని, నీళ్లకుండ తప్ప మరో జలాశయం చూడని ఒక కవిగారి చేత దాన్ని రాయించారు. అందులో ‘స్నానపు తొట్టి గల రాజవిడుదులు’ అని ఉంది. తొట్టి ఉన్న మాట నిజమే. మనిషిని విడతలు విడతలుగా ముంచుకోవచ్చు. ‘నిపుణుల పర్యవేక్షణలో సాహస తీరావరోహణం’ అని ఉంది. అంటే పడవలోంచి ఇసుకలోకి ఒక చెక్క వేస్తారు, సరంగు తాతబ్బాయి చుక్కాని దగ్గర్నుంచి, “జారతాదండీ, సూసుకుని దిగండి” అని అరుస్తాడు. ‘ప్రపంచస్థాయి వంటకాలు’ అంటే గుత్తివంకాయ, పులిహోర, అదృష్టం బాగుంటే చేపల వేపుడు.

ఎక్కినవాళ్లెవరూ ఈ కరపత్రాన్ని పట్టించుకోలేదు. కొండల మధ్య గాలి తగిలేసరికి దాన్ని మడిచి విసనకర్ర చేసుకునేవారు. నౌక మేనేజరు భీమశంకరం కూడా దాన్ని పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఆయన రేవు పక్కన పుట్టి, రేవులోనే పెరిగి, గోదావరి చప్పుడు వినపడకపోతే అన్నం అరగని మనిషి. బంధువుల ఇంటికెళ్లినా చీకటిపడేలోగా తిరిగొచ్చేస్తాడు.

అటువంటిది, ఏదో సభలో ఎవరో పెద్దమనిషి లేచి, “కరపత్రంలో చెప్పినదానికీ పడవలో ఉన్నదానికీ పొంతన ఉందా?” అని అడిగాడు. మండలి డైరెక్టరు ప్రభంజనరావుగారి ఆధ్వర్యాన సంఘం పుట్టింది. విలాసమంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి కదా. సంఘం వారు చల్లటి దేశాలకు వెళ్లి, అక్కడి నదుల మీద తిరిగే ఖరీదైన నౌకలన్నీ ఎక్కి, దిగి, జలుబుతో తిరిగొచ్చి ఒక నివేదిక సమర్పించారు.

అందులోని ముఖ్యభాగం ఇది: “మేము ప్రయాణించిన ప్రతి విలాస నౌకయందును ప్రయాణికులు తీవ్రమగు అసంతృప్తితో నుండుట గమనించితిమి. ఒకరికి దిండు యొక్క మెత్తదనము చాలలేదు. మరొకరికి ద్రాక్షపండ్లన్నియు ఒకే పరిమాణమున లేవు. వేరొకరు సూర్యాస్తమయము ఆలస్యమైనదని నౌకాధిపతిని నిలదీసిరి. ఇందుకు భిన్నముగా మన రాజహంసయందు నేటివరకు ఒక్క ఫిర్యాదైనను అందియుండలేదు. కావున ఫిర్యాదు లేనిచోట విలాసము లేదని ఈ సంఘము ఏకగ్రీవముగా నిర్ధారించుచున్నది.”

పొగ ఉంటే నిప్పున్నట్టే, సణుగుడు ఉంటే విలాసమున్నట్టు. నివేదిక వెనకాలే ఉత్తర్వు వచ్చింది. కూర మాడింది, ఫ్యాను తిరగలేదు లాంటివి నాసిరకం ఫిర్యాదులట. అవి హోటళ్లకు చెల్లుతాయి గానీ నౌకలకు చెల్లవట. అన్నీ ఉన్నచోట కూడా లోపం పట్టేవే ఉన్నతశ్రేణి ఫిర్యాదులట. మాఘమాసంలో డైరెక్టరుగారు స్వయంగా తనిఖీకి వచ్చేలోగా రాజహంస అటువంటివి సంపాదించుకోవాలి. లేకపోతే నౌకను లారీ మీద రాజధానికి తరలించి, పార్కు చెరువులో పిల్లలకోసం గుండ్రంగా తిప్పుతారు. టిక్కెట్లు చింపడానికి భీమశంకరం కూడా వెంట రావాలి.

భీమశంకరం ఉత్తర్వును తాతబ్బాయికి చదివి వినిపించాడు. పార్కు చెరువు. చుట్టూ సిమెంటు గట్టు. అందులో గుండ్రంగా తిరగడం. “గానుగెద్దుకైనా మధ్యలో కాస్త నూనె కనపడతాది కదండీ,” అన్నాడు తాతబ్బాయి, ఆ మాట విని.

ఆ వారమే నిడదవోలు వైపు నుంచి స్కూలు మాస్టర్లు కుటుంబాలతో విహారానికి వచ్చారు. ఇంతకంటే మంచి అవకాశం దొరకదనుకున్నాడు భీమశంకరం. పిల్లల తప్పులు పట్టడమే వృత్తిగా బతికేవాళ్లు, పడవలో తప్పులు పట్టలేరా?

పట్టలేదు. ఏసీ ఆపేయించాడు. వాళ్లు కిటికీలు తీసుకుని, “ఈ గాలి ముందు ఏసీ ఎందుకండీ, మంచిపని చేశారు,” అన్నారు. సాంబారులో ఉప్పు తగ్గించమని వంటవాడికి చెప్పాడు. లెక్కల మాస్టరు రెండుసార్లు వడ్డించుకుని, “నాకు బీపీ అండీ, ఎంత చూసుకుని వండుతున్నారో,” అని కళ్లు తుడుచుకున్నాడు. చివరికి బాత్రూము తలుపు గడియ కూడా ఊడదీయించాడు. లోపలికెళ్లినవాళ్లు గుర్తుగా పాట పాడుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రానికి ఎవరి గొంతు బాగుందో పోటీ పెట్టుకున్నారు. దిగేటప్పుడు తెలుగు మాస్టరు భీమశంకరం చేతులు పట్టుకుని, “ఇంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో బాబూ,” అన్నాడు. భీమశంకరానికి ఏడుపొచ్చింది. మాస్టరు దాన్ని ఆప్యాయత అనుకున్నాడు.

మర్నాడు మండలి నుంచి ఫోను. ప్రభంజనరావుగారు ఫోనులో కూడా ఫైలు భాషలోనే మాట్లాడతారు.

“భీమశంకరంగారూ, మీ నౌకయందు తృప్తి ప్రబలినట్లు మాకు సమాచారము అందినది. దానిని అదుపు చేయుటకై ఏ చర్యలు గైకొంటిరి?”

“ఉప్పు తగ్గించామండి.”

“అది నాసిరకపు చర్య. తృప్తి ఇతర నౌకలకు సోకకముందే తగు నివారణ గావించవలెను.”

ఆ సాయంత్రం భీమశంకరం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. భార్య కనకరత్నం సంగతంతా లాగింది. విని, పప్పులో నెయ్యి వేసి, “మీరు తిక్క పనులు చేస్తున్నారు,” అంది. “తక్కువ చేస్తే మనవాళ్లు సర్దుకుపోతారండీ. రైళ్లలో, బస్సుల్లో, ఆస్పత్రుల్లో సర్దుకుపోయి సర్దుకుపోయి ఎదిగిన ప్రాణాలు. మనవాళ్లకి కోపం రావాలంటే తక్కువ చెయ్యకూడదు. మర్యాద చెయ్యాలి.”

“మర్యాద చేస్తే కోపమొస్తుందా?”

“మగపెళ్లివారిని ఎప్పుడూ చూళ్లేదా?”

భీమశంకరం ముద్ద నోట్లో పెట్టుకుని, ఇంకొంచెం నెయ్యి వెయ్యమన్నాడు.

మామూలు రోజుల్లో చద్దన్నం తిని బస్టాండు బల్లమీద పడుకునే మనిషే, మగపెళ్లివాడై విడిదిలో దిగగానే పానకంలో మిరియం ఎక్కువైందంటాడు. రెండో బంతిలో కూర్చోబెట్టారని లేచిపోతాడు. దీనికి చదువుతో, సంపదతో పనిలేదు. కాళ్లకు నీళ్లిచ్చి, గంధం రాసి, పన్నీరు చల్లితే చాలు, లోపల పడుకున్న వియ్యంకుడు లేచి కూర్చుంటాడు.

ఈ విద్యలో ఆరితేరిన మనిషి కనకరత్నం దొడ్డమ్మ, ద్రాక్షారం అచ్చాయమ్మగారు. ఆవిడ ఒకసారి మేనల్లుడి పెళ్లిలో తనకిచ్చిన అప్పడానికి అంచు విరిగిందని ఊరేగింపునే ఆపించింది. ఆడపెళ్లివారు బుట్టెడు అప్పడాలు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడితే గానీ గుర్రం కదల్లేదు. కబురు వెళ్లగానే ఆవిడ చిన్న పెట్టెతో దిగిపోయింది.

“అల్లుడుగారూ, స్టేషనుకి మీరే వస్తారనుకున్నాను. పోనీలెండి, మీకు పనులుంటాయి,” అంది గుమ్మంలోనే. భీమశంకరానికి ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి వారం రాజహంస ఎక్కబోయిన ప్రయాణికులకి రేవులోనే సన్నాయి ఎదురైంది. కాళ్లకు నీళ్లిచ్చారు. ఆడవాళ్లకి బొట్టు, మగవాళ్లకి గంధం, అందరికీ పన్నీరు. బిందెల్లో పానకం. గదుల్లో పందుంపుల్లలు కట్టలుకట్టి, పక్కన తలనూనె, అద్దం, దువ్వెన. అచ్చాయమ్మగారు పైనుంచి చూస్తూ, “ఆ మూలాయనకి గంధం రాయకండి. రాయకపోవడం కూడా మర్యాదలో భాగమే,” అని అందిస్తోంది.

పాపం, రావులపాలెం అరటిపళ్ల వర్తకులు వాళ్లు. లారీ టాపు మీద ప్రయాణాలు చేసినవాళ్లు. పడవ పట్టుమని రెండు మలుపులు తిరిగిందో లేదో, మూలాయన భార్య నోరు విప్పింది: “మా వారికి గంధం రాయలేదు. రాయక్కర్లేదనుకున్నారో, రాస్తే అరుగుతుందనుకున్నారో.” ఇంకొకాయన తన బావగారిని రెండో కాఫీకి ఒక్కసారే అడిగారని కాఫీ మానేశాడు. మరొకాయన తనకు కొండలు కనపడే వైపు గది ఇచ్చి, తమ్ముడికీ కొండలు కనపడే వైపే ఇచ్చారని, పెద్దరికానికి విలువ లేదా అని నిలదీశాడు. గోదావరికి రెండువైపులా కొండలే ఉంటాయని తాతబ్బాయి చెప్పబోతే, “అది మీరు ముందే చూసుకోవాల్సింది,” అన్నాడాయన.

ఫిర్యాదులు కట్టలు కట్టలుగా మండలికి వెళ్లాయి. ప్రభంజనరావుగారు పరవశించిపోయారు. వెంటనే ఈ పద్ధతికి చట్టబద్ధత కల్పించారు. ప్రతి గదిలో ఒక అలకపాన్పు ఏర్పాటుచేయాలి. అలిగినవారికి చాందినీ నీడన ప్రత్యేక స్థలం ఇవ్వాలి. అచ్చాయమ్మగారికి అలకల సలహాదారు పదవి ఇచ్చారు. అది చిన్న పదవి అని ఆవిడ అలిగితే ప్రధాన సలహాదారును చేశారు. ఉత్తర్వు చివర డైరెక్టరుగారు తన చేత్తో ఇలా చేర్చారు: “నౌకపై గల ఏ వ్యక్తి అలిగినను, సదరు అలక పూర్తిగా తీరునంతవరకు ఎట్టి ఒత్తిడియు తీసుకురారాదు.”

మాఘమాసం వచ్చింది. తనిఖీకి డైరెక్టరుగారు, ఇద్దరు సభ్యులు, రాసుకోవడానికి ఒక కార్యదర్శి వచ్చారు. తోటి ప్రయాణికులుగా ఆ నిడదవోలు మాస్టర్లనే మళ్లీ పిలిచారు, మర్యాద చేస్తే వాళ్లు కూడా మారతారో లేదో చూద్దామని. ఆ రోజు మర్యాదలు అలా ఇలా జరగలేదు. సంఘానికి పట్టు కండువాలు, మాస్టర్లకు మామూలు కండువాలు, వంటవాడికి కూడా తాంబూలం, సన్నాయి వాళ్లకి దండలు. భీమశంకరం ఒళ్లంతా కళ్లు చేసుకుని తిరిగాడు. ఒక్క మనిషిని మాత్రం మరిచిపోయాడు.

పడవ కొండల మధ్యకొచ్చి, ఒక పెద్ద ఇసుకతిప్ప పక్కన నెమ్మదిగా ఆగింది. ఇంజను ఆగింది. లంగరు పడింది. భీమశంకరం పరుగెత్తుకుంటూ చుక్కాని దగ్గరికెళ్లాడు. తాతబ్బాయి కిందకి దిగి, చాందినీ నీడలో, ప్రత్యేక స్థలంలో కూర్చున్నాడు.

“ఏంటి తాతబ్బాయ్, ఏమైంది?”

“అలిగానండి,” అన్నాడు తాతబ్బాయి. గొంతులో కోపం లేదు. “సన్నాయోడికి దండేశారు. గరిటోడికి తాంబూలమిచ్చారు. ఇన్నేళ్లుగా మిమ్మల్ని తీసుకెల్లి తీసుకొత్తన్నాను. నాకో వక్కపలుకు కూడా లేదు.”

విషయం డైరెక్టరుగారికి చేరింది. “అతనిని తక్షణము విధులకు హాజరు కమ్మని ఆదేశింపుడు,” అన్నారాయన. కార్యదర్శి దగ్గి, ఉత్తర్వు తీసి, ఆయన స్వహస్తంతో రాసిన చివరి వాక్యం మీద వేలుపెట్టి చూపించాడు. డైరెక్టరుగారు దాన్ని చాలాసేపు చదివారు. బాగా రాశారని ఆయనకే తోచింది. ఇక చేసేదేమీ లేదు.

“మరి ఎవరైనా బుజ్జగించండి,” అన్నాడొక సభ్యుడు.

ప్రధాన సలహాదారు అచ్చాయమ్మగారు తల అడ్డంగా ఊపింది. “అలిగినవాణ్ణి అప్పటికప్పుడు బుజ్జగిస్తే ఆ అలక్కి విలువేముంటుందండీ? కాస్త పొద్దు వాలనివ్వండి.”

ఆ మాటకి డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. పడవలో ముఖ్య అతిథి తాను. అందరూ సరంగు చుట్టూ చేరారు. ఆయన తన గదిలోకెళ్లి, అలకపాన్పు మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇప్పుడెవరైనా వచ్చి తలుపు కొడతారు, వెంటనే పలకకూడదు అనుకున్నారు. ఎవరూ కొట్టలేదు. కాసేపటికి తలుపు తానే కొంచెం తీసి ఉంచారు, కొట్టేవాళ్లకి ఇబ్బంది లేకుండా. ఎవరూ రాలేదు. చూసేవాడు లేకుండా అలగడం ఎంత కష్టమో ఆయనకి సర్వీసులో మొదటిసారి తెలిసొచ్చింది. పైపెచ్చు ఆకలి. ఇంతలో కిటికీలోంచి తాలింపు వాసన వచ్చింది.

బయటికొచ్చి చూస్తే తాతబ్బాయి తప్ప పడవలో ఎవరూ లేరు. అందరూ ఇసుకతిప్ప మీద ఉన్నారు. ఇంజను ఆగాక పడవలో ఉక్కగా ఉందని వంటవాడు పొయ్యి ఇసుకలోకి మార్చేశాడు. అటుగా పోతున్న జాలర్లు అప్పుడే పట్టిన చేపలిచ్చారు. మాస్టర్లు పట్టు కండువాలకీ మామూలు కండువాలకీ తేడా మరిచి అన్నీ కలిపి ముడేసి, ఎండ తగలకుండా పందిరి కట్టారు. సభ్యులిద్దరూ పంట్లాములు మడిచి నీళ్లలో నిలబడ్డారు. డైరెక్టరుగారు చెక్క మీదుగా దిగారు. అలిగి కూర్చున్న తాతబ్బాయి అలవాటు చొప్పున, “జారతాదండీ, సూసుకుని దిగండి,” అని అరిచి, మళ్లీ అలకలోకి వెళ్లిపోయాడు.

ఎవరో ఆయన చేతిలో విస్తరాకు పెట్టారు. ఎవరో వేడన్నం, పులుసు వడ్డించారు. గంధం లేదు, పన్నీరు లేదు, ఇంకొంచెం వేసుకోండని అడిగేవాడూ లేడు. కావాలంటే గరిటె అందుకుని వేసుకోవడమే. ఆయన వేసుకున్నారు. మళ్లీ వేసుకున్నారు. ఎదురుగా కొండల నీడ నీళ్లలోకి జారుతోంది. డైరెక్టరుగారు వేళ్లు నాకి, చాలా మామూలు తెలుగులో, “అబ్బ, ఎంత బాగుందయ్యా,” అన్నారు.

అందరూ ఒక్కసారి ఆయనవైపు తిరిగారు. కార్యదర్శి రాసుకున్నాడు: ‘తనిఖీ అధికారి సంతృప్తి వెలిబుచ్చిరి.’

భీమశంకరానికి అంతా అయిపోయిందని అర్థమైంది. తృప్తి సాక్షాత్తూ డైరెక్టరుగారికే సోకింది. ఇక పార్కు చెరువే గతి. దాచుకోవడానికేముందని, వెండిపళ్లెంలో మిగిలిన తాంబూలం తీసుకుని పడవెక్కి తాతబ్బాయి పక్కన కూర్చున్నాడు.

“నిన్ను మరిచిపోయాను తాతబ్బాయ్. ఎందుకంటే చెప్పలేను. నువ్వు పడవలో మనిషివని కాదు, నువ్వే పడవ అనుకున్నట్టున్నాను. నాదే తప్పు.”

తాతబ్బాయి తాంబూలం కళ్లకద్దుకున్నాడు. “పర్లేదండి. ఎప్పుడో పోయిందండి అలక. సలహాదారమ్మగారు పొద్దు వాలనివ్వాలన్నారని కూకున్నాను.” అని లేచి లంగరు తాడు అందుకున్నాడు. “పదండి, రేవుకెల్లిపోదాం.”

“ఎక్కడికీ?” అంది అచ్చాయమ్మగారు.

“రేవుకండి. పొద్దుపోతంది కదండీ.”

“బాగుంది వరస,” అంది ఆవిడ, పైట సర్దుకుని. “ఇంకా చెయ్యి తడి ఆరలేదు. ఇప్పుడిప్పుడే ఇసుక చల్లబడుతోంది. విస్తరి ఎత్తకముందే పెట్టె సర్దుకోమంటారా? అచ్చాయమ్మకి పెళ్లిళ్లు కొత్త కాదు గానీ, ఇలా తరిమేసేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను.”

“అదీ నిజమే,” అన్నాడు లెక్కల మాస్టరు, జీవితంలో తొలిసారి సణుగుతూ. “ఇంత బాగా పెట్టినవాళ్లు ఇంత తొందరగా పంపెయ్యడం అన్యాయం.” తెలుగు మాస్టరు అవునన్నాడు. సభ్యులిద్దరూ నీళ్లలోంచి బయటికి రామన్నారు. అందరికంటే పెద్ద గొంతు డైరెక్టరుగారిది: “ఇట్టి అకాల నిష్క్రమణను నేను తీవ్రముగా నిరసించుచున్నాను.”

కార్యదర్శి కలం ఆపాడు. “అంటే ఇది ఫిర్యాదేనాండీ?”

డైరెక్టరుగారు ఒక్క క్షణం ఆలోచించారు. అన్నీ ఉన్నచోట లోపం పట్టడమే కదా విలాస లక్షణం. అన్నీ ఉన్నాయి. పోవాలనిపించకపోవడమే లోపం. “ఇది అత్యున్నత శ్రేణి ఫిర్యాదు,” అన్నారాయన గంభీరంగా. “ఇంతటిది ఆ చల్లదేశాలలో కూడ మాకు తారసపడలేదు.” భీమశంకరం ఇసుకలోకి దిగి కూలబడి, ఎవరు చూస్తే నాకేం అన్నట్టు నవ్వాడు.

రాజహంసకు విలాస నౌకగా పట్టా వచ్చింది. గోడకి వేలాడుతోంది. దాని వెనకాలే కొత్త ఉత్తర్వూ వచ్చింది. ఇకపై ప్రతి ప్రయాణంలో సరంగు విధిగా అలగవలెనని, వరదకాలమున తిప్ప మునిగినచో తిప్ప ఉన్నట్లుగా భావించి ఆగవలెనని. తాతబ్బాయి ప్రయత్నించాడు గానీ కుదర్లేదు. “సెప్పి అలగమంటే ఎలాగండీ? నవ్వొచ్చేత్తంది.” దాన్ని విధి నిర్వహణలో లోపంగా పరిగణించి అతని చేత సంజాయిషీ రాయించుకున్నారు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున, రేవులో హడావుడి లేనప్పుడు, ప్రభంజనరావుగారు భార్యను వెంటబెట్టుకుని, మామూలు చొక్కాలో, మామూలు టిక్కెట్టుతో వచ్చారు. సన్నాయి వాళ్లని చూసి వద్దని సైగ చేశారు.

“భీమశంకరంగారూ, ఈసారి నన్ను మగపెళ్లివాడిలా చూడకండి. మామూలు మనిషిలా చూడండి.”

“మామూలు మనుషులకి నిబంధనల్లో చోటు లేదండి.”

“తెలుసు. ఆ నిబంధన నేనే రాశాను.”

భీమశంకరం దంపతుల్ని తీసుకెళ్లి చుక్కాని పక్కన తాతబ్బాయి దగ్గర రెండు కుర్చీలు వేసి, స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చి, పక్కనే నిలబడ్డాడు. పడవ మలుపు తిరిగింది. కొండల మధ్యనుంచి గాలి వచ్చింది. డైరెక్టరుగారు ఒక గుక్క తాగి, కళ్లు మూసి తెరిచి, రాసుకునేవాళ్లెవరూ లేరని చూసుకుని, లోగొంతుకతో “బాగుంది” అన్నారు.

“ఏమన్నారండీ?” అన్నాడు భీమశంకరం.

డైరెక్టరుగారు ఉలిక్కిపడి సర్దుకుని కూర్చున్నారు. “ఏమీ లేదు. కాఫీ చల్లారినదని మనవి చేసితిని.”

గ్లాసులోంచి పొగలు లేస్తున్నాయి. భీమశంకరం ఆ పొగల్ని చూశాడు, డైరెక్టరుగారి మొహం చూశాడు, జేబులోంచి కలం తీశాడు.

“తప్పకుండా రాసుకుంటానండి,” అన్నాడు.